మామ గీసిన 'లు'

పెయింటర్ మామ పోయాడని ఉదయగిరి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఆత్మకూరులో మా ఫ్లెక్సీ షాపులో పుట్టినరోజు బ్యానర్ చేస్తున్నాను. స్క్రీన్ మీద ఉన్నవి ఆయన అక్షరాలే. ఆ సంగతి నాకు తప్ప షాపులో ఎవరికీ తెలియదు.

మామ మాకు చుట్టం కాదు, ఉదయగిరిలో మా పక్కింటివాడు. అక్కడి నుంచి దుత్తలూరు దాకా అంగళ్ల బోర్డులన్నీ ఆయన రాసినవే. 'బ'కు బొజ్జ పెట్టేవాడు. 'లు' తోకను మేకపిల్ల తోకలా ఎగరేసేవాడు. ముందు అంగట్లో కూర్చుని టీ తాగి, ఓనరు తీరు చూశాకే కుంచె పట్టేవాడు. చిటపటలాడే ఓనరుకైతే ఇంకా చిలిపిగా రాసేవాడు. "బోర్డన్నా నవ్వాల గదరా" అనేవాడు. ఒకే బోర్డులో ఒక అక్షరం రెండుసార్లు వస్తే రెండోదాన్ని కావాలని మార్చేవాడు.

ఫ్లెక్సీలు వచ్చి ఆయనకు పని తగ్గాక, నేను ఊరూరా తిరిగి ఆ బోర్డులకు ఫోటోలు తీసుకున్నాను. కంప్యూటర్లో దిద్ది ఫాంటు చేశాను. పెళ్లి బ్యానర్లకు, బిర్యానీ సెంటర్లకు, స్కూలు వార్షికోత్సవాలకు అదే వాడాను. ఎవరు మెచ్చుకున్నా నేనే గీశానని చెప్పాను. చెప్పేటప్పుడు కనీసం తడబడలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఒకసారి మామ కళ్లద్దాల కోసం ఆత్మకూరు వచ్చి, బస్టాండు దగ్గర 'బజ్జీలు బోండాలు' బోర్డు చూసి, ఎవరు చేశారో కనుక్కుని నేరుగా షాపుకొచ్చాడు. కుర్చీ వేశాను. ఆయన మంచినీళ్లు తాగి నిదానంగా అడిగాడు.

"రెండు 'లు'లూ ఒకే మాదిరి ఉండాయేందిరా? ఒకదాన్ని కొంచెం ఒంచకూడదా?"

కంప్యూటర్ అలాగే వేస్తుంది మామా అన్నాను. ఇవి నీ అక్షరాలే అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఆయన నా భుజం తట్టి బస్సెక్కాడు.

ఉదయగిరి వెళ్లి, శ్రద్ధాంజలి ఫ్లెక్సీ నేనే చేస్తానని, మామూలు అక్షరాలతో వేస్తానని ఆయన కూతురికి చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు.

"నాయన అక్షరాల్తోనే వెయ్యన్నా. అవి నీ దగ్గర భద్రంగా ఉండాయని నాయన చెప్పినాడు."

మామకు అప్పుడే తెలిసిపోయిందన్నమాట. ఆ అక్షరాలు నావి కావని ఆమెకు చెప్పాల్సిన అవసరమే లేకపోయింది. నేను చెప్పాల్సిన మనిషి పోయాడు. అందుకే మీకు చెబుతున్నాను.

'మీ మాటలు, మీ నవ్వులు మాతోనే' అని వేయమన్నారు. రెండో 'లు'ను నా చేత్తో కాస్త వంచాలని ఎన్నోసార్లు గీశాను. నా చేతికి రాలేదు. ఇప్పుడు వాళ్లింటి ముందు ఫ్లెక్సీలో మామ ఫోటో కింద ఆ రెండు 'లు'లూ తోకలు ఎగరేసుకుని ఉన్నాయి, అచ్చం ఒకే మాదిరిగా.