మా ఊరి నీళ్లకు హద్దులు రాసిన మామ

రైటరు మామ పోయాడన్న కబురు పోయిన ఆదివారం చర్చిలో తెలిసింది. పాస్టరు గారు ప్రకటనలు చదువుతూ, ఒక పెళ్లి సంగతి చెప్పి, స్త్రీల కూడిక గురువారానికి మారిందని చెప్పి, కాగితం మడిచి, "ఆత్మకూరులో కూతురి దగ్గర ఉన్న మన రైటరు గారు ఈ ఉదయం ప్రభువు పిలుపు అందుకున్నారు" అన్నారు. ఆ తర్వాత ఏ కీర్తన పాడామో నాకు గుర్తులేదు. మధ్యాహ్నం దాకా ఏడ్చాను. సాయంత్రం వీధిలో కొళాయి తిప్పితే నీళ్లు వచ్చాయి. బిందె నిండేలోపు ఏడుపు ఆగింది. ఆయన ఓడిపోయి పోలేదు. గెలిచి, ఆ గెలుపును రెండు మూడేళ్లు కళ్లారా చూసి పోయాడు. ఆ సంగతి మీకు చెప్పాలని కూర్చున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు, పక్కిల్లు. మా ఆయన పెదనాయన అని పిలిచేవాడు గనుక నాకు మామ అయ్యాడు. వరికుంటపాడు దగ్గరి మా ఊరి నుంచి రోజూ పొద్దున బస్సెక్కి ఉదయగిరి పోయి, రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల పంచలో చిన్న బల్ల వేసుకుని దస్తావేజులు రాసేవాడు. మీలో చాలామంది ఇళ్లలో పెట్టె అడుగున ఆయన చేతిరాత ఉండే ఉంటుంది.

ఆయన చేత రాయించుకోవడం అంత తేలిక కాదు. మిగతా రైటర్లు పాత కాగితం చూసి చెక్కుబందీ, అంటే భూమికి నాలుగు వైపుల హద్దులు, ఉన్నది ఉన్నట్టు దించేసేవాళ్లు. ఈయన పొలం చూడందే కలం ముట్టడు. అమ్మేవాడినీ కొనేవాడినీ వెంటబెట్టుకుని నాలుగు గట్లూ తిరగాల్సిందే, మే నెల అయినా సరే. ఒక ఆసామి చెమటలు కక్కుతూ "ఏంది రైటరా, భూమి యాడికన్నా పారిపోతాదా?" అని విసుక్కుంటే, "భూమి పోదు. గట్టు జరగతాది" అన్నాడట. నిలబడి కాగితం చదివేవాళ్లంటే ఆయనకు పడేది కాదు. "ముందు కూచో. తొందరలో ఉండేవాడికి కాగితం నిజం జెప్పదు" అనేవాడు.

ఇంకో పిచ్చి కూడా ఉండేది. ఉదయగిరిలో ఒక చిల్లర కొట్టాయన పాత శాసనసభ చర్చల పుస్తకాలు తూకానికి కొని, చించి బొరుగులు కట్టిస్తుంటే, ఈయన ఆ కొట్లో కూర్చుని మిగిలినవన్నీ ఏరుకుని ఇంటికి మోసుకొచ్చాడు. మా అత్త ఆయన భార్యను "అక్కా, ఇంట్లో చెదలు చాల్లేదా?" అని ఎగతాళి చేసింది. ఆ పుస్తకాలే మా నోళ్లలో నీళ్లు పోస్తాయని అప్పుడు ఎవరికి తెలుసు.

నా సంగతి కూడా కొంత చెప్పాలి. పంచాయతీల్లో ఆడవాళ్లకు సీట్లు వచ్చినప్పుడు నన్ను వార్డు మెంబరుగా నిలబెట్టారు. చూపినచోట సంతకం పెడుతుందిలే అని వాళ్ల ధీమా. నాకు నోరు కాస్త ఎక్కువని వాళ్లకు తర్వాత తెలిసింది. మా ఊరి బోర్ల నీళ్లలో ఫ్లోరైడు. పెద్దవాళ్ల మోకాళ్లు వంగిపోయేవి, పిల్లల పళ్లు గోధుమరంగు తిరిగేవి. నా కూతురికి అప్పటికి తొమ్మిదేళ్లు. నవ్వు వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఆ చెయ్యి చూస్తే నాకు కడుపు మండేది. దాని తర్వాత పుట్టినవాడికి ఇంకా పాలపళ్లే. వాడికి పక్కాపళ్లు వచ్చేలోపు మంచినీళ్లు తేవాలన్నది నా పంతం.

మంచినీళ్లు లేకేం, వాగు ఒడ్డున పడ్డాయి. ప్రభుత్వం బోరు వేసింది, మోటారు దించింది, ఊళ్లోకి పైపులు వేసింది, ఎత్తున ట్యాంకు కట్టింది. అన్నీ అయి నాలుగేళ్లు. మోటారుకు కరెంటు లేదు. ఆత్మకూరుకు పోయి నీళ్ల ఆఫీసులో అడిగితే "లైను లాగే ఖర్చు మా పద్దులో లేదమ్మా" అన్నారు. కరెంటు ఆఫీసులో అడిగితే "మంచినీళ్ల పథకానికి మా పద్దులోంచి ఎట్ల పెడతాం" అన్నారు. ఇద్దరూ మర్యాదగానే చెప్పారు. ఇద్దరూ చెప్పింది నిజమే కూడా, నాకు ఒళ్లు మండింది అందుకే.

చివరికి పథకం మంజూరు కాగితం నకలు పట్టుకుని మామ దగ్గరికి పోయాను. కూర్చోమన్నాడు. రెండుసార్లు చదివాడు. "పద, గట్లు తిరగాల" అన్నాడు. భూమి కాదు కదా మామా అంటే వినలేదు. ట్యాంకు దగ్గర మొదలుపెట్టి పైపు వెంట వాగు దాకా ఇద్దరం నడిచాం. మోటారు గది దగ్గర ఆగి, చేలకు అవతల దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని చూపించాడు.

"చెక్కుబందీ తప్పినారమ్మాయ్. పథకానికి ఈడ హద్దు రాసినారు. అది మొదలయ్యేది ఈడ కాదు, ఆ స్తంభం కాడ."

"అయితే ఆఫీసులో రాయించి దిద్దిద్దామా?"

"ఆఫీసరు దిద్దేది కాదు ఇది. పద్దు శాసనసభలో పాసయ్యింది. మారితే ఆడనే మారాల."

బడ్జెట్టు సమావేశాలకు ముందు మేమిద్దరం ఉదయగిరిలో మా ఎమ్మెల్యేని కలిశాం. మామ తాను రాసిన కాగితం ఆయన చేతికిచ్చాడు. మంచినీటి పథకాల పద్దును నూరు రూపాయలు తగ్గించవలెనని పైన ఉంది. కరెంటు లేక కట్టిన పథకాలు ఎండిపోతున్నాయన్న కారణం కింద ఉంది. అన్నిటికంటే కింద, మామ మార్కు వాక్యం: పథకమనగా కరెంటు స్తంభము మొదలు వీధి కొళాయి వరకు. ఎమ్మెల్యే చదివి నవ్వాడు. "పెద్దాయనా, కోత తీర్మానం రాసేది నీకు ఎవరు నేర్పినారు?" అని అడిగాడు. "బొరుగుల కొట్టు నేర్పిందయ్యా" అన్నాడు మామ.

మార్చిలో అది పేపరులో వచ్చింది. మంచినీటి పద్దులో కోతకు మా ఎమ్మెల్యే తీర్మానమని జిల్లా పేజీలో నాలుగు వరుసలు. ఊరు భగ్గుమంది. పొద్దున్నే మా వీధి వీధంతా మామ వాకిట్లో ఉంది. ఆయన సద్దన్నం తింటున్నాడు.

"నీళ్లు తెమ్మంటే ఉండే డబ్బులు కొయ్యమని రాసిచ్చినావంట?" అన్నాడు మా వార్డు పెద్ద.

"నూరే గదరా కొయ్యమన్నాను."

"నూరైతే ఏంది, వెయ్యైతే ఏంది? తగ్గించమన్నావా లేదా?"

మామ చెయ్యి కడుక్కుని వచ్చి, అందరినీ కూర్చోబెట్టాడు. "నువ్వు ఊరికే అడిగితే మంత్రి విన్నా వింటాడు, ల్యాకున్నా ల్యా. పద్దులో నూరు తగ్గించమని సభలో పెడితే, ఎందుకు తగ్గించకూడదో లేసి జవాబు జెప్పాల. లాయరు నోటీసు మాదిరి. ఆ నూరూ ఎవరూ కొయ్యరు. కావాల్సింది జవాబు" అన్నాడు. కొందరికి అర్థమైంది. ఎక్కువమందికి కాలేదు. నాలుగు రోజులకు తీర్మానం వెనక్కి తీసుకున్నారని పేపరులో పడేసరికి, ఆ అర్థమైనవాళ్లు కూడా నన్ను రాజీనామా ఇవ్వమన్నారు.

నిజం చెప్తున్నాను, నాకూ నమ్మకం పోయింది. రాజీనామా రాసిపెట్టమని ఆయన దగ్గరికే పోయి, "నీ పుస్తకాలు నిప్పుల్లో పెట్టు మామా" అని అరిచాను. ఆయన కాగితం తీసుకున్నాడు. నేను చెప్పిందంతా రాసి, సంతకం పెట్టించుకుని, తారీఖు మాత్రం వేయలేదు. "తారీఖు నేనేస్తాలే" అని తన రేకు పెట్టెలో పెట్టుకున్నాడు. తర్వాత అదే పేపరు ముందుకు జరిపి, నేను చదవని చివరి వాక్యం మీద వేలు పెట్టాడు. మోటార్లకు లైను ఖర్చు పథకంలోనే కలుపుతామని మంత్రి సభలో హామీ ఇచ్చినందున తీర్మానం ఉపసంహరించుకున్నారని అక్కడ ఉంది. నేను ఆ పేపరు అంతకుముందు నిలబడి చదివాను. ఇప్పుడు కూర్చున్నాను.

సభలో ఇచ్చిన హామీలు నెరవేరాయా లేదా అని చూడడానికి అక్కడే ఒక కమిటీ ఉంటుందట. అదీ బొరుగుల కొట్టు చదువే. మామ ప్రతి నెలా ఎమ్మెల్యేకి ఒక కార్డు రాశాడు, ఎమ్మెల్యే పాపం ప్రతిసారీ కమిటీని అడిగాడు. తర్వాతి సమావేశాల్లో అనుబంధ పద్దు పెట్టారు, సభ ఒప్పుకుంది, నిబంధన సవరించారు. ఆ ఉత్తర్వు మా పంచాయతీకి వచ్చిన రోజు నేనే గట్టిగా చదివాను, కూర్చునే చదివాను. పథకం ఖర్చు అంటే కరెంటు లైను, ట్రాన్స్‌ఫార్మరు కూడా కలిపి, ఇప్పటికే కట్టి ఆగిపోయినవాటికి కూడా అని ఉంది. మా ఊరికొక్కదానికే కాదు, మా మాదిరిగా ఎండిన ట్యాంకులు చూస్తూ కూర్చున్న ఊళ్లన్నిటికీ. నాకు ఒళ్లు పులకరించింది. మామ మాత్రం "స్తంభం మొదలు అని రాసుంటే ఇంకా బాగుండు" అన్నాడు.

స్తంభాల లారీ వచ్చింది, తీగ లాగారు. నా రాజీనామా తిరిగి ఇమ్మంటే, దాని వెనకవైపు ఏ వీధికి ఎన్ని కొళాయిలు కావాలో లెక్క రాసి ఉంది. అదే పట్టుకుని పనులు చేయించాను.

మోటారు ఆన్ చేసిన రోజు ఊరంతా ట్యాంకు కింద ఉంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మామకు మెడ పైకి లేచేది కాదు. మా నీళ్లు ఆయన ఎముకల్లో చేసిన పని అది. ఎవరితోనూ చెప్పుకోలేదు గనుక నేనూ ఇంతవరకూ చెప్పలేదు. అందరూ తలలెత్తి ట్యాంకు అంచు చూస్తుంటే, ఆయన నేల చూస్తూ "వచ్చినాయా? వచ్చినాయా?" అని అడుగుతున్నాడు. అప్పుడు మా వార్డు పెద్ద, ఆయన వాకిట్లో కేకలేసిన మనిషే, పోయి నులకమంచం తెచ్చి ట్యాంకు ముందర వేశాడు. ఇద్దరు పట్టుకుని మామను దాని మీద వెల్లకిలా పడుకోబెట్టారు.

ట్యాంకు నిండింది. అంచు మీంచి నీళ్లు పొర్లాయి. గాలికి చెదిరి మా అందరి మీదా పడ్డాయి. పిల్లలు కేకలు పెట్టారు, నా కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయి నవ్వింది. మామ ముఖమంతా తడిసిపోయింది.

"కట్టేయండిరా, వాల్వు కట్టేయండి. నీళ్లు నేలపాలవతాండాయి" అని అరిచాడు.

అరిచాడే గానీ, మంచం మీంచి మాత్రం లేవలేదు. కళ్లద్దాల మీద నీళ్లు తుడుచుకోను కూడా లేదు.