ఫ్రేము మీది దుమ్ము

సోమవారం వచ్చిందంటే పటాల ఇన్‌స్పెక్టరు ఇస్త్రీ చేసిన తెల్ల చేతిగుడ్డతో బయల్దేరతాడు. పేటలో ప్రతి ఇంటి ముందుగదిలోనూ అధినేత పటం ఉండి తీరాలి. దాని పైఅంచున దుమ్ము ఉందేమో చూడటమే ఆయన ఉద్యోగం. మనిషి సౌమ్యుడు. తలుపు తట్టి, చెప్పులు విడిచి, "ఏమ్మా, కులాసాయేనా?" అని పలకరించి, మునికాళ్ల మీద లేచి, గుడ్డ చుట్టిన చూపుడువేలిని అంచు వెంట ఒక్కసారి లాగుతాడు. గుడ్డ మాసినా, అసలు తలుపే తీయకపోయినా, ఆ ఇంటి నంబరు పుస్తకంలోకి ఎక్కుతుంది. మర్నాడు వ్యాను వచ్చి, ఆ ఇంట్లో పటం తుడవాల్సిన మనిషిని ఎక్కించుకుపోతుంది. తిరిగొచ్చినవాళ్లు ఇంతవరకూ లేరు.

ఆయన ఇల్లు వీధి చివర. ఎవరూ వేలెత్తి చూపకూడదని సోమవారం అక్కడా తలుపు తట్టేవాడు, భార్య తీసేది. పోయిన నెల ఆవిడ వారం రోజులు జ్వరంతో మూలిగింది. ఆ సోమవారం గుడ్డ మాసింది.

"ఇంకా ఎవరూ చూడలేదుగా, తుడిచేయండి," అందావిడ.

"నేను చూశాను కదే," అని నంబరు రాసుకున్నాడు. రాశాక ఆవిడకి మాత్ర వేసి, దుప్పటి కప్పాడు.

తర్వాతి సోమవారం అలవాటు కొద్దీ, తాళం వేసి ఉన్న తన తలుపునే తట్టాడు. తాళంచెవి జేబులోనే ఉంది. మళ్లీ తట్టాడు.

"లోపల ఎవరూ లేరు కదండీ," అంది పక్కింటావిడ మెల్లగా.

వీధిలో కిటికీలన్నీ ఆయన్నే చూస్తున్నాయి. పుస్తకం తెరిచి, ఆ ఇంటి నంబరు వేసి, పక్కన గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'తలుపు తీయలేదు.'