పులిహోర డబ్బా కింద బూట్లు

శనివారం పొద్దున ఆరున్నరకు కెనడాలో, బ్రాంప్టన్‌లోని బేస్‌మెంట్ ఇంటి మెట్లెక్కి బయటికి వచ్చాం, నేనూ మా అమ్మాయి శ్రావణీ. పొగకు గంట మోగుతుందని ఆ ఇంట్లో అగరుబత్తి వెలిగించను. దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని, ఆ రోజు ఒక తప్పు చేస్తున్నానని ముందే చెప్పుకుని బయల్దేరాను. నా చేతిలో ఒకే సంచి. పైన పులిహోర డబ్బా, కింద మడిచిన తువ్వాలు, దాని కింద శ్రావణి ఫుట్‌బాల్ బూట్లు. ఆ బూట్ల సంగతి ఆమెకు తెలియదు.

మేం వెళ్తున్నది కిచెనర్‌కు, ఎనిమిదో నంబరాయనను చూడడానికి. ఆయన బ్రెజిల్ దేశపు పేరున్న మిడ్‌ఫీల్డరు. పేరు మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా పలకడం రాలేదు, అందుకే అందరం చొక్కా మీది నంబరుతోనే పిలిచేవాళ్ళం. ఇక్కడా అలాగే రాస్తాను. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. సికింద్రాబాదులో మా నాన్న డ్యూటీ నుంచి వచ్చి, పేపరు పరిచి ఆటల పేజీలోనే నాకు అక్షరాలు దిద్దించేవారు. ఆయనదీ మైదానం మధ్యలో ఆడే స్థానమే. ఎనిమిదో నంబరాయన గురించి వార్త వస్తే నాచేత రెండుసార్లు చదివించేవారు. తండ్రి ఓడరేవు ఊళ్ళో ఆడాడట, తర్వాత ఈయన, ఈయన తమ్ముడు, ఆనక కొడుకు, అందరూ మిడ్‌ఫీల్డే. "ఒక ఇంట్లో మూడు తరాలు ఒకే చోట నిలబడి ఆడాయంటే చూడమ్మా," అని నాన్న ఆశ్చర్యపోయేవారు. ఆ ఆట శ్రావణికి నేర్పింది కూడా నాన్నే.

ఎనిమిదో నంబరాయన కొడుకు ఇప్పుడు కిచెనర్‌లో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాడనీ, తండ్రి ఒక రోజు వస్తున్నాడనీ, ఎవరైనా వచ్చి ఆడొచ్చనీ శ్రావణి ఫోన్‌లో చూపించింది. నా తిరుగు విమానానికి ఇంక తొమ్మిది రోజులే ఉంది. నా బిడ్డ ఒక్కసారి ఆడుతుంటే చూసి వెళ్ళాలని నా మనసులో ఉంది. ఇక్కడికొచ్చి పద్నాలుగు నెలలైనా తను బంతి ముట్టలేదు.

"పాదాలు మిగలవమ్మా," అంది అడిగితే. కాలేజీ అయ్యాక ఎటోబికోలో ఒక గోడౌన్‌లో పార్ట్‌టైమ్. ఇనుప ముక్కు బూట్లేసుకుని గంటల తరబడి నిలబడాలి. "చూడ్డానికి వస్తా. ఆడమని మాత్రం అనకు."

దాని పెట్టె సర్దుతుంటే అడుగున ఆట బూట్లు కనిపించాయి. సికింద్రాబాదులో నేను కుక్కిన తెలుగు పేపరు ఇంకా వాటిలో అలాగే ఉంది. అప్పుడు ఊరగాయలూ బూట్లూ ఒకచోట ఉండకూడదని రెండు పెట్టెలు కొనిపించినదాన్ని నేను. మా ఇంట్లో చెప్పులు గడప దాటవు. నాన్న బూట్లు ప్రహరీ గోడ మీదే ఎండేవి, వానొస్తే తడిసేవి. అమ్మ పద్ధతి అది. అమ్మ తర్వాత నా పద్ధతీ అదే. ఇప్పుడు వేరే సంచి పట్టుకుంటే శ్రావణి ఏమిటని అడుగుతుంది. అందుకే బూట్లను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఆ అన్నం సంచిలోనే పెట్టి, చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

మెట్ల దగ్గర శ్రావణి రూమ్మేటు స్వప్న ఎదురొచ్చింది. నల్లగొండ పిల్ల, షిఫ్టు నుంచి అప్పుడే వస్తోంది. "ఏంది ఆంటీ, గా ముసలాయన్ని సూడనీకి గంత దూరమా? ఫోన్ల సూస్తే అయిపాయె గదా!"

"ఫోన్‌లో చూస్తే పులిహోర పెట్టలేం కదమ్మా," అన్నాను.

"అయితే నాకింత ఉంచుండ్రి, ముసలాయన తర్వాత సంగతి," అని ఆవలిస్తూ లోపలికి పోయింది.

సిటీ బస్సులో బ్రామలీ స్టేషనుకు చేరేసరికి ఏడుంపావు. ఆ రోజు మాకు సరిపడే వేళకు రైలు లేదు, కిచెనర్ బస్సు ఏడూ నలభైకి. కార్డు ఆనిస్తే చాలు, టికెట్టు కాగితం ఇవ్వరు. వారాంతానికి మనిషికి పది డాలర్ల పాసు ఉంది, రానూపోనూ దానితోనే సరిపోయింది. బస్సు రెండంతస్తులది. పై అంతస్తులో ముందు సీట్లు దొరికితే వదలకండి, పొలాలన్నీ పటంలో పరిచినట్టు కనిపిస్తాయి.

పక్క వరుసలో యాభై ఏళ్ళాయన మా మాటలు విని, "మనవాళ్ళేనాండీ?" అని పలకరించారు. రాజమండ్రి ఆయన, అమెరికాలో పదేళ్ళుండి కిచెనర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చారట. ఎక్కడికని అడిగితే చెప్పాం.

"ఆయనే! మా కాలేజీలో ఆయన ఆట కోసం టీవీ ఉన్నవాళ్ళింటి కిటికీకి వేలాడేవాళ్ళమండీ. ఆడతావేంటమ్మా నువ్వు?"

"ఆడేదాన్ని అంకుల్," అంది శ్రావణి.

ఆ 'ఆడేదాన్ని' అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. సంచిని ఒళ్ళోకి ఇంకాస్త దగ్గరగా లాక్కున్నాను.

తొమ్మిది దాటాక కిచెనర్‌లో దిగాం. ఆ అంకులే ట్రాము చూపించి, "నాలుగో స్టాపులో దిగి ఎడంచేతి వైపు నడవండి, ఈలలు వినపడతాయి," అన్నారు. ఆయనన్నట్టే ఈలలు వినపడ్డాయి. పదికి పది నిముషాల ముందు మైదానంలో ఉన్నాం. రాత్రి వాన పడిందేమో గడ్డి తడిగా ఉంది. వెళ్ళేవాళ్ళు శాండిల్స్ కాకుండా మూసిన చెప్పులు వేసుకోండి, నా పాదాలు చల్లబడిపోయాయి.

నేను ఊహించుకున్న మనిషి కాదాయన. పల్చటి తెల్ల జుట్టు, మోకాలికి పట్టీ. బల్ల మీద కూర్చుని పిల్లలు పరుగెత్తుతుంటే చేత్తో దారి చూపిస్తున్నాడు. తొమ్మిదేళ్ళ మనవరాలు కెనడా చొక్కాతో ఆడుతోంది. నాన్న గుర్తొచ్చి కళ్ళు నిండాయి. ఇంతదూరం నడిపించి ఈ దృశ్యం చూపించిన దేవుడికి అక్కడే దణ్ణం పెట్టుకున్నాను. శ్రావణి మాత్రం కంచె పట్టుకుని నిలబడింది. బంతి ఎటు పోతే అటు దాని కుడికాలు చిన్నగా కదులుతోంది. అది తనకు తెలియదు.

పన్నెండింటికి పిల్లలు ఆగారు. ఇక పెద్దవాళ్ళ ఆట, కావాలన్నవాళ్ళు రండి అని మైకులో చెప్పారు. శ్రావణి కదల్లేదు. "ఆకలేస్తోందమ్మా, తిందాం," అంది. ఆయన బల్లకు పక్క బల్ల ఖాళీగా ఉంది. నేను డబ్బా తీసేలోపే తను సంచిలో చెయ్యి పెట్టి, తువ్వాలుతో పాటు కవరు పైకి లాగింది.

"అమ్మా!" అంది. "పులిహోర కింద బూట్లా? నువ్వేనా పెట్టింది?"

"రెండుసార్లు చేతులు కడుక్కున్నాలే."

నవ్విందో ఏడ్చిందో తెలియలేదు, మొహం పక్కకు తిప్పుకుంది. పక్క బల్ల మీది పెద్దాయన బూట్లనీ డబ్బానీ మార్చి మార్చి చూసి ఏదో అన్నాడు. కొడుకు దాన్ని ఇంగ్లీషులో చెప్తే శ్రావణి నాకు తెలుగులో చెప్పింది.

"నాకు ఆట ఎవరు నేర్పారని అడుగుతున్నాడమ్మా. తాత అని చెప్పాను."

ఆయన ఇంకో ప్రశ్న అడిగాడు. శ్రావణి నావైపు తిరిగి చెప్పింది. "మరి తాత బూట్లు ఎవరు ఆరబెట్టేవాళ్ళంటున్నాడు."

"గోడ మీద ఉండేవని చెప్పు," అన్నాను మెల్లగా.

అప్పుడాయన తన తల్లి గురించి చెప్పాడు. ఓడరేవు ఊరు, ఎప్పుడూ ముసురేనట. మొగుడి బూట్లు, ఇద్దరు కొడుకుల బూట్లు ఆవిడ కడిగి, రొట్టెలు కాల్చే పొయ్యి పక్కన వరుసగా పెట్టేదట. పొద్దున రొట్టెకీ బూటుకీ ఒకే వాసన. "మా ఇంటి ఆట రక్తంలో ఉందని అందరూ రాస్తారు. రక్తం సంగతి నాకు తెలియదు. పొద్దున్నే కాళ్ళకు వెచ్చటి బూట్లు దొరికేవి. అందుకే వెళ్ళి ఆడేవాళ్ళం."

శ్రావణి ఆ చివరి మాట నాకు చెప్పి, తనే మళ్ళీ ఒకసారి గొణుక్కుంది. పేపరు లాగేసి బూట్లలో కాళ్ళు పెట్టింది.

మొదటి బంతి కాలికింద నుంచి జారిపోయింది. రెండోది ఎవరో లాక్కున్నారు. ఒకసారి గడ్డి మీద జారి పడి, మోచేతికి బురదతో లేచి, ఎదుటి పిల్లతో కలిసి పగలబడి నవ్వింది. తర్వాత అది చూశాను. బంతి రాకముందే ఎడమ భుజం మీదుగా ఒకసారి, కుడి భుజం మీదుగా ఒకసారి తిరిగి చూడడం. అచ్చం నాన్న. పెద్దాయన వేలెత్తి తన కొడుక్కి శ్రావణిని చూపించాడు. ఇరవై నిముషాలాడిందేమో. గోలు వెయ్యలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, నేను తప్ప.

పెద్దాయనకు మూత నిండా పులిహోర పెట్టాను. పచ్చిమిరపకాయ కొరికి దగ్గి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మూత చాపాడు. ఆయనతో ఫొటో దిగడం ఇద్దరం మరిచిపోయాం.

మూడున్నర బస్సుకు తిరుగు ప్రయాణం. పై అంతస్తే దొరికింది. స్వప్న వాటా పులిహోర డబ్బాలో అడుగున మిగిలే ఉంది. బూట్లు మళ్ళీ అదే సంచిలో, ఈసారి బురదతో. శ్రావణి పాదాలు సీటు మీదికి లాక్కుని ఒత్తుకుంటోంది.

"నొప్పా?"

"నొప్పే. ఇది వేరే నొప్పిలే." బూట్ల వైపు చూసి, "ఇంటికెళ్ళాక వీటిని బయట మెట్టు మీద పెడతానమ్మా," అంది.

"రాత్రి వానన్నారు. కడిగి పొయ్యి పక్కన పెడదాం."

తను నన్ను చూసింది. నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. అవే పొలాలు ఇప్పుడు వెనక్కి పోతున్నాయి. తొమ్మిది రోజుల తర్వాత నేను వెళ్ళిపోయినా, ఆ పొయ్యి పక్కన రెండు బూట్లుంటాయి. ఆ తల్లి పేరు నాకు తెలియదు, ఏ పేపరులోనూ చదవలేదు. ఎక్కడున్నా ఆమెకు నా నమస్కారం.

కిచెనర్ వెళ్ళే ఆడవాళ్ళకు ఒక మాట. రెండు అరల సంచి దొరికితే మంచిదే. లేకపోతే ఒక్క అరదైనా ఫరవాలేదు.