అట్రిల్ మామ అవతారాలు

అట్రిల్ మామకి ఒకటే జబ్బు. ఏ వస్తువులోనైనా రవ్వంత మార్పు వస్తే చాలు, దాన్ని కొత్త అవతారమని అంకె వేసేస్తాడు. బొత్తాం మార్చిన చొక్కా మూడో అవతారం. భార్య మాడ్జ్ పుడ్డింగులో ఎండుద్రాక్ష తగ్గిస్తే అది పదకొండో అవతారం.

"పన్నెండోది నీ నెత్తిన బోర్లిస్తా" అనేదావిడ.

ఆ జబ్బు మా షెడ్డులోనే అంటుకుంది. ఇంగ్లండు దక్షిణాన వైట్ దీవిలో తాతల నాటినుంచీ పడవలు కట్టేవాళ్లం. యుద్ధం అయ్యాక, సైన్యానికి ఇద్దరు పట్టే బుల్లి హెలికాప్టర్ చేసిస్తామని ఒప్పుకున్నాం. బడి ఎగ్గొట్టిన నాలాంటి మేధావి ఉండగా భయమేంటి! ఇంజను మారిస్తే ఒక అవతారం, తోక సాగదీస్తే ఇంకోటి. ప్రతిదాని తలుపు మీదా మామే కుంచె పట్టి అంకె రాసేవాడు. ఎక్కమంటే మాత్రం ఎక్కడు. నిచ్చెన రెండో మెట్టు మీదే ఆయనకి దేవుడు గుర్తొస్తాడు.

ఏ అవతారానికైనా బుద్ధి ఒకటే. నేలమీద రెక్కలు తిరగ్గానే చలిజ్వరం వచ్చినట్టు ఊగేది. ఆ ఊపుకి ఊళ్లో కోళ్లు గిలక్కొట్టిన గుడ్లే పెట్టేవి. నేనే ఆమ్లెట్ వేసుకున్నా, ఒట్టు.

ఐదోది ఊగినప్పుడు పడవలవాళ్లం ఏం చేస్తామో అదే చేశాం. తాళ్లేసి నేలకి బిగించాం. బిగించినకొద్దీ ఊపు ముదిరి, యంత్రం ముక్కలైంది. చివరికి మిగిలింది సీటూ, అందులో పైలట్ చెవర్టనూ. ఒంటిమీద గీత పడలేదు. గుండె మాత్రం జారిపోయింది.

ఆరోదాన్ని చూడ్డానికి సైన్యం వాళ్లు వచ్చారు. నచ్చకపోతే షెడ్డుకి తాళమే.

"నావల్ల కాదు మామా" అన్నాడు చెవర్టన్.

"విరిగింది ఐదోది కదయ్యా! దీనికి కాళ్లలో కొత్త స్ప్రింగులు పెట్టాం."

"యంత్రం మారింది. నేను మారలేదుగా!"

మామ కుంచె ముంచి, చెవర్టన్ తోలు కోటు వీపు మీద పెద్ద '2' వేశాడు.

"వణికినవాడు ఒకటో చెవర్టన్. వాడి పని అయిపోయింది. పద, రెండోవాడా."

అని తానే ముందెక్కి పక్క సీట్లో కూర్చున్నాడు. షెడ్డు షెడ్డంతా నోరు తెరిచింది.

రెక్కలు తిరిగాయి. మళ్లీ ఊపు! అలవాటు చావక మేం తాళ్లు పట్టుకుని పరిగెత్తాం. లోపల్నుంచి మామ కుంచె ఆడిస్తూ "పోండి, పోండి" అని తరిమాడు. కళ్లు గట్టిగా మూసుకుని "లేపు నాయనా, పైకి లేపు!" అని అరిచాడు.

చెవర్టన్ లేపాడు.

నేల విడిచిన క్షణంలోనే ఊపు ఆగిపోయింది. జోల విన్న పసిపిల్లలా. తెరచాపలంత ఎత్తుకి లేచి గాలిలో నిలబడింది. ముందుకి కదలదు, వెనక్కి కదలదు. కింద గడ్డి అంతా వంగి దణ్ణం పెడుతోంది. మా చేతుల్లో తాళ్లు ఎప్పుడు జారాయో తెలీదు. ఈ మాటకి ఒట్టు కూడా అక్కర్లేదు.

దిగాక సైన్యం పెద్దాయన ఒకటే అడిగాడు: "ఏడోది ఎప్పుడిస్తారు?"

మామ మొహం పచ్చిబఠాణీ రంగులో ఉంది. పిడికిట్లోంచి కుంచె ఊడదీసి, చెవర్టన్ ఆయన వీపు మీద '2' వేశాడు.

"మరి నా ఒకటోవాడేడీ?" అంది చూడ్డానికొచ్చిన మాడ్జ్.

"పైనే వదిలేసొచ్చాం, మాడ్జమ్మా" అన్నాడు చెవర్టన్.

ఆ సాయంత్రం పన్నెండో పుడ్డింగు వచ్చింది. నెత్తిన కాదు, పళ్లెంలోనే. ఎండుద్రాక్ష రెట్టింపు.