రూతమ్మత్త వసారా బడి

మా మేనత్త రూతమ్మ గారు ఇహలోక యాత్ర ముగించారన్న వార్త, మా అన్న దానియేలు గుండ్రని దస్తూరీలో, పోస్టుకార్డు మీద నెల్లూరికి వచ్చి నన్ను చేరింది. "శామేలూ, అత్త మంగళవారం పొద్దున పోయింది. సాయంత్రానికి సర్విచెట్ల తోపులో మట్టి చేసినాము. నువ్వు పరుగెత్తుకోని రావాల్సిన పన్లేదు. గంజి తాగే పోయింది." అంతే ఉత్తరం. ఇటువంటి సందర్భాలలో దిగ్భ్రాంతి చెందడం మర్యాద గనుక నేనూ చెందాను. నిజానికి ఆమె మరణించగలరన్న ఊహే నాకెన్నడూ కలగలేదు. మృత్యువు ఆమె ముందుకు వచ్చినా, చేతులు కట్టుకుని పాఠం అప్పజెప్పి, ఎక్కడో తడబడి, తిరుగుముఖం పడుతుందని నా నమ్మకం. కార్డు బల్ల మీద పెట్టి నేను చేసిన మొదటి పని నా కుడి అరచెయ్యి చూసుకోవడం. ఎందుకో తెలియాలంటే ఆ మహనీయురాలి విద్యావిధానం కొంత చెప్పవలసి ఉంటుంది.

కోట అనే ఊరికి తూర్పున, కాలువ గట్టు మీద, సముద్రపు హోరు వినిపించే మేర మా ఇల్లు. నాన్న ఉప్పు కొఠార్లలో పనిచేస్తూ వారానికొక రోజు మాకు అతిథిగా వచ్చేవారు. బడి కాలువకు అవతల ఉండేది, పడవలో దాటాలి. నాన్నకు అక్క అయిన రూతమ్మ గారు చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, టీచరు ట్రైనింగు పూర్తిచేసి, ఒక ఆడపిల్లల పాఠశాలలో రెండేళ్లు పనిచేశారు. అక్కడ స్వచ్ఛందంగా రాజీనామా ఇచ్చారని మా ఇంటి వాడుక. ఆ పిల్లల తల్లులు ఈ సంగతినే మరొక విధంగా చెప్పేవారని విన్నాను. ఏమైతేనేం, ఆమె ట్రంకుపెట్టెతో మా ఇంట దిగేనాటికి అన్నకు ఎనిమిదేళ్లు, నాకు ఆరు.

"ఆ బడికి పంపితే పడవెక్కేదీ దిగేదీ నేర్చుకుంటారు, అంతే. ఆ విద్య చేపలోళ్ల బిడ్డలకు బడి లేకుండానే వచ్చు. నేనుండానుగా, ఇంట్లోనే చెప్తా" అని నాన్నతో అన్నారు. నాన్న ఆమె ఎదుట నోరెత్తిన సందర్భం నాకు గుర్తు లేదు. మరునాటి నుంచి మా వసారాయే విద్యాలయం.

ఆమెకు పాఠం వేరు, సంసారం వేరు కాదు. అమ్మ రొయ్యలు వలిచేటప్పుడు మేము పదమూడో ఎక్కం అందుకోవాలి. ఒక్కొక్క రొయ్యకు ఒక్కొక్క మెట్టు. తప్పితే ఎక్కం మొదటికి వచ్చేది, రొయ్యలు మాత్రం ముందుకే పోయేవి. చేటలో పరిచిన తవుడు మీద వేలితో గుణింతాలు దిద్దించేవారు. చేపల పులుసులో ముక్కలు పంచుతూ భిన్నాలు నేర్పారు. నాన్నకు సగం, మాకిద్దరికీ పాతిక పాతిక పోగా అమ్మకు ఏమి మిగిలిందని అడిగి, జవాబు రాబట్టి, ఆ జవాబునే అమ్మకు వడ్డించేవారు. కాలేజీలో గణితం నాకు ఏనాడూ కష్టమనిపించలేదు. అది ఆమె చలవే, నిస్సంకోచంగా ఒప్పుకుంటాను.

ఇక ఆమె ప్రధాన సూత్రం. ఒక ప్రశ్నకు ఒకడు తడబడి రెండోవాడు జవాబు చెబితే, చెప్పినవాడు ఎడమచేత్తో చెప్పనివాడి ముక్కు పట్టుకుని కుడిచేత్తో చెంప మీద కొట్టాలి. పాతకాలపు వీధిబడుల ఆచారం ఇది. బడులే మరిచిపోయిన దాన్ని ఆమె మా ఇంట పునరుద్ధరించారు. నాకు చప్పున స్ఫురించేది. అన్నకు తెలియక కాదు, నిదానం. మాటను లోపల అటూ ఇటూ తిప్పి చూసుకుని గాని బయటికి పంపేవాడు కాదు. ఆ వ్యవధిలో నేను చెప్పేసేవాణ్ణి. కనుక ఆరేళ్ల వయసు నుంచి నేను, నాకంటే రెండేళ్లు పెద్దవాడైన అన్నను, ఆదివారాలు మినహా, రోజుకు పదిసార్లకు తక్కువ కాకుండా కొట్టాను.

ఒకసారి అమ్మ ఉండబట్టలేక, "వదినా, పెద్దోడు గదా, చిన్నోడి చేత కొట్టిచ్చబాకండి" అంది.

"బుద్ధికి పెద్దేంది చిన్నేంది సుగుణా? నువ్వు పొయ్యికాడ చూసుకో, పులుసు అడుగంటతా ఉండాది" అన్నారు అత్త. పులుసు నిజంగానే అడుగంటింది. ఆ నేరమూ అమ్మదే అయింది.

నేను రాక్షసుణ్ణి కానని మనవి చేసుకోవడానికి నా దగ్గర ఒకే ఒక్క నిదర్శనం ఉంది. ఒకనాడు, జవాబు తెలిసీ, "నాకూ తెలీదత్తా" అన్నాను. ఆమె నా ముఖంలోకి తేరిపార చూసి, "దయ చూపిస్తుండావా? జవాబు తెలియనోళ్లు చూపిస్తార్లే దయ. తెలిసినోడు కొట్టాల" అన్నారు. ఆ మాటను నేటికీ మరవలేదు. ఆనాడు ఇద్దరికీ మధ్యాహ్నం అన్నం లేదు. నా దయ అంతటితో సమాప్తం. ఆకలి వేసిన అన్నే నాతో, "ఇంకెప్పుడూ అట్ట చెప్పబాకరా, కొట్టేయ్ పో" అన్నాడు.

దెబ్బ మెత్తగా పడితే ఆమె ఒప్పుకునేవారు కాదు. వంటింట్లో ఉన్నా చెవి వసారాలోనే ఉండేది, చప్పుడు చాలకపోతే లోపలి నుంచి, "మళ్లీ!" అని ఒక్క కేక. అందుకు ఉపాయం కనిపెట్టినవాడూ అన్నే. పెరటి వెనుక నన్ను నిలబెట్టి, తన చెంప మీదే అభ్యాసం చేయించాడు. "చెయ్యి చాపి కాదురా, గుంట పెట్టు. నీళ్లు తాగేటప్పుడు దోసిలి పెడతామే, అట్ట. మోత ఎక్కువ, మంట తక్కువ." ఆ విద్యలో నేను త్వరలోనే ఆరితేరాను. వసారాలో టపాకాయలు పేలేవి. లోపల అత్తకు తృప్తి కలిగేది. అలా నాలుగేళ్లు గడిచాయి. మా అన్నదమ్ముల అనుబంధానికి పునాది ఏదని ఎవరైనా అడిగితే ఇదేనని చెబుతాను.

పట్నంలో హైస్కూలు ప్రవేశానికి మమ్మల్ని ఇద్దరినీ ఒకేసారి పంపాలని నిర్ణయమైంది. మా అన్న జీవితంలో దేనికైనా ఆశపడగా నేను చూసింది ఆ నెల రోజులే. తెల్లవారకముందే లేచి గట్టు మీద తిరుగుతూ చదివేవాడు. "ఎందుకురా అంత?" అంటే, "ఆడ అయ్యవారు కొడతాడంట. తమ్ముడి చేత కొట్టిచ్చరంట" అన్నాడు. వాడు కోరుకున్న స్వర్గం అంతవరకే.

అత్త మమ్మల్ని పడవలో, తర్వాత బస్సులో వెంటబెట్టుకు వెళ్లారు. హెడ్మాస్టరు గారు మంచివాడు, మమ్మల్నిద్దరినీ బల్ల ముందు పక్కపక్కన నిలబెట్టి, ముందుగా అన్నవైపు చూసి నవ్వుతూ అడిగాడు: "గూడూరులో మద్రాసు రైలెక్కినావనుకో. నాయుడుపేట ముందొస్తుందా, సూళ్లూరుపేట ముందొస్తుందా?"

అన్న ఆ మాటను లోపల తిప్పి చూసుకుంటున్నాడు. పెదవి కదలడం నాకు కనిపించింది.

"నాయుడుపేట" అన్నాను నేను.

ఆ పైన జరిగినది మా ఇద్దరిలో ఎవరూ ఆలోచించి చేసింది కాదు. అన్న నా వైపు తిరిగి, నాకు అందేటట్టు కొంచెం వంగి, ముఖం ఎత్తిపట్టాడు. నేను ముక్కు పట్టుకుని కొట్టాను. కొత్త చోటు, పెద్దమనిషి ఎదురుగా ఉన్నాడు. చెయ్యి గుంట పెట్టడం మరిచాను. నా నాలుగు వేళ్లూ వాడి చెంప మీద తేలాయి.

హెడ్మాస్టరు గారు కలానికి మూత పెట్టి బల్ల మీద పెట్టాడు. తర్వాత, "చిన్నవాణ్ణి చేర్చుకుంటామమ్మా. పెద్దవాణ్ణి ఇంకొక్క ఏడాది మీ దగ్గరే చదవనియ్యండి" అన్నాడు. చివరి మాట అంటూ ఆయన అత్తవైపు కాక కిటికీ వైపు చూశాడు.

తిరుగుపడవలో అన్న నీళ్లలో చెయ్యి పెట్టుకుని కూర్చుని, చాలాసేపటికి, "నాయుడుపేటని నాకు తెలుసత్తా" అన్నాడు.

"మరి చెప్పవేం?"

"చెప్పబోతా ఉంటి."

"చెప్పనిది తెలిసినా తెలియనట్టేరా" అని అత్త తీర్పు చెప్పి, పడవవాణ్ణి త్వరగా పోనిమ్మన్నారు.

ఆ ఒక్క ఏడాది నాలుగేళ్లయింది. ఏటా జూన్‌లో అన్న చొక్కా ఉతికి ఆరవేసుకునేవాడు. ఏటా అత్త, "ఇంకా కాలేదులే" అనేవారు. ఆమెకు ఒక్క శిష్యుడైనా మిగలాలి కదా. వాడి పొడవు వసారా చూరును అందుకున్నాక ఆ చొక్కా మడిచి లోపల పెట్టేశాడు. మరొక విషయం. నేను వెళ్లిపోయాక జవాబు ముందుగా చెప్పేవాడు లేడు, కనుక కొట్టేవాడూ లేడు. ఆ నాలుగేళ్లలో అన్న ఆమె చెప్పినవన్నీ, ఒక్కటి పోకుండా నేర్చుకున్నాడు. ఇది అమ్మ నాకు చెప్పింది. నేను ఎవరితోనూ ప్రస్తావించలేదు.

ఈ ఏడాది ఆమెకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. వస్తువుల పేర్లన్నీ నాలుక మీది నుంచి తుడిచిపెట్టుకుపోయాయి. బి.ఏ. పూర్తిచేసుకుని, చివరిసారిగా నేను వెళ్లేసరికి ఆమె వసారాలో నులకమంచం మీద ఉన్నారు. అన్న పక్కన కూర్చుని గంజి తాగిస్తున్నాడు. గరిటె పైకెత్తి, "ఇదేంది అత్తా?" అన్నాడు. డాక్టరు అలా అడుగుతూ ఉండమన్నాడట. ఆమె చూస్తున్నారు. అన్న ఊరకే కూర్చున్నాడు. కాలువలో ఒక పడవ కనిపించి, మా గట్టు దాటి, వంపు తిరిగేదాకా అలాగే కూర్చున్నాడు.

"గరిటె" అన్నాను నేను.

ఆమె ముఖం మెల్లగా నా వైపు తిరిగింది. గడ్డం కొంచెం పైకి లేచింది. ముక్కు నాకు అందుబాటుకు వచ్చింది.

అన్న గిన్నె కింద పెట్టాడు. "ఎందుకు చెప్పినావురా? నేను ఒక్కనాడూ చెప్పలేదే" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. "ఇప్పుడు కొట్టకుంటే నోరు తెరవదు. అత్త సంగతి నీకు తెలుసు గదా. గుంట పెట్టు."

గుంట పెట్టి కొట్టాను. వసారా అంతా మోగింది. వంటింట్లో నుంచి వింటూ ఏళ్ల తరబడి మోసపోయిన మనిషి, తన చెంప దాకా వచ్చేసరికి మోసపోలేదు. గరిటె పేరు కూడా రాని ఆ నోట, స్పష్టంగా, ఒక్క మాట వచ్చింది.

"మళ్లీ."

నాకు అక్షరం పెట్టిన తల్లి ఆమె. ఆమె లేని లోటు తీరేది కాదు. తీర్చగల సమర్థులు ఈ తీరంలో ఇంకెవరైనా ఉంటే, దయచేసి మా ఇంటి వైపు రావద్దని మాత్రం మనవి. ఆనాడు నేను అన్నవైపు చూశాను. వాడు గంజి గిన్నెలోకి చూస్తున్నాడు. నేను చెయ్యి చాపే కొట్టాను, గుంట పెట్టలేదు. ఆమె గంజికి నోరు తెరిచారు.