విమానం పొట్ట కింద మా పెద్దబాపు

పోయిన ఆదివారం పొద్దున మా పెద్దబాపు పోయారు. చర్చికి తయారవుతుంటే పెద్దమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, మీ పెద్దబాపు లేస్తలేడు. జర రా" అన్నది. చేవెళ్లలో మా ఇంటికి రెండు సందుల అవతలే వాళ్ల ఇల్లు. నేను పోయేసరికి డాక్టరు వచ్చి వెళ్లిపోతున్నారు. పొయ్యి మీద పెట్టిన చాయ్ నీళ్లు ఇంకిపోయి గిన్నె మాడుతున్నది. ఎవరూ చూసుకోలేదు.

సమాధి దగ్గర పాస్టరుగారు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. నలుగురిలో మాట్లాడడం నాకు రాదు. తల అడ్డంగా ఊపి పెద్దమ్మ వెనుకకు జరిగిన. ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్న.

పెద్దబాపు మా నాన్నకు అన్న. చిన్న విమానాల మెకానిక్. వయసులో ఉన్నప్పుడు దేశం దాటి పోయి, రోడ్లు లేని కొండల నడుమ గడ్డి నేల మీద దిగే విమానాలను బాగు చేసేవారు. తిరిగి వచ్చినంక మొయినాబాద్ దాటి, ఫామ్‌హౌస్‌ల వెనుక ఉన్న ఒక ప్రైవేటు రన్‌వే పక్కన రేకుల షెడ్డులో పని చేశారు. విమానాలు ఎప్పుడో ఒకటి వచ్చేవి. మిగిలిన రోజులు చుట్టుపక్కల తోటల జనరేటర్లు, నీళ్ల మోటార్లు చూసేవారు. వాటిని కూడా విమానాల లాగే చూసేవారు. నేల మీద తెల్ల దుప్పటి పరిచి, పనిముట్లు వరుసగా పేర్చి, పని అయినంక ఒక్కొక్కటి తాకి లెక్కపెట్టి తీసేవారు.

నేను డిగ్రీ అయిపోయి ఇంట్లో పుస్తకాలు చదువుకుంటూ కూర్చున్న రోజుల్లో ఆయన కండ్లు పోవడం మొదలైంది. దూరపువి బాగానే కనపడేవి. దగ్గర పెట్టుకున్న అక్షరాల నడుమ మాత్రం మబ్బు. అద్దాలు మార్చినా ఆ మబ్బు పోలేదు. ఒకరోజు వచ్చి మా నాన్నతో, "నీ బిడ్డను నాకియ్యిరా. దానికి ఇంగ్లీషు చదువుడు వస్తది, నాకు బోల్టు బిగించుడు వస్తది. ఇద్దరం కలిస్తే ఒక మనిషైతం" అన్నారు.

అట్ల నేను షెడ్డులో చదివే మనిషినైన. పద్ధతి ఒక్కటే. విమానం రిపేరు పుస్తకంలో ఒక వాక్యం నేను గట్టిగా చదవాలి. ఆయన దాన్ని తెలుగులో తిరిగి చెప్పాలి. చెప్పినంకనే చెయ్యి కదలాలి. నా గొంతు బయటికి రాకపోతే విమానం కింద నుంచి కేకేసేవారు: "ఏందమ్మా, మీ సిస్టర్లు నోటికి ప్లాస్టర్ ఏసి పంపిన్రా? గట్టిగ చదువు. బోల్టుకు ఇనపడాలె." కాన్వెంటు సిస్టర్ల బడిలో పదేండ్లు "సైలెన్స్" అని చెప్పించుకున్న నాకు, గట్టిగా మాట్లాడమని మొదట చెప్పింది ఆయనే.

లైసెన్సు ఆయనది. సంతకం ఆయనది. కండ్లు నావి. ఈ మాట మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. అది దాచడం తప్పేనని కూడా మా ఇద్దరికీ తెలుసు. ఆ పని పోతే ఆయనకు ఏం మిగులుతదో కూడా తెలుసు. అందుకే ఎవరం పైకి అనలేదు.

రెండేండ్ల కింద ఒక కెప్టెన్ తన చిన్న విమానం తెచ్చారు. ఈశాన్య కొండల్లోని ఊళ్లకు మందులు మోసే పని దొరికింది ఆయనకు. లోపల జాగ చాలదు. అందుకని పొట్ట కింద సామాను పెట్టుకునే ఒక ఫైబర్ డబ్బా బిగించాలి. కెప్టెన్ దాన్ని పాడ్ అనేవారు. పెద్దబాపు తొట్టి అనేవారు. నిజంగానే అది మూత పెట్టిన పొడుగాటి తొట్టి లాగ ఉండేది.

విమానం పొట్ట కింద నల్లా లాంటి ఒక చిన్న మర ఉంటది. రోజూ ఎగిరే ముందు దాన్ని నొక్కి, లేత నీలంగ ఉండే విమానం పెట్రోలు కొంచెం గ్లాసులోకి పట్టి, నీళ్లు కలిసినయా అని చూస్తారు. తొట్టి బిగిస్తే ఆ మర మూసుకుపోతది. అందుకే దానికి ఒక ట్యూబు తొడిగి, తొట్టి అడుగు నుంచి బయటికి తీయాలి. ట్యూబుకు కింద ఒక క్లిప్పు, పైన ఒక క్లిప్పు. పై క్లిప్పు లేకపోతే, ఎగిరేటప్పుడు అదురుకు ట్యూబు ఊడొచ్చు. పెట్రోలు తొట్టిలోకి కారుతది. పక్కనే కాలుతుండే ఇంజను పొగగొట్టం.

పని నాలుగు రోజులు పట్టింది. చివరి రోజు సాయంత్రం దుప్పటి మీద ఒక క్లిప్పు మిగిలింది. పెద్దబాపు వేళ్లతో తడిమి చూసి, "కిట్టుల ఒకటి ఎక్కువనే ఇస్తరు" అని డబ్బాలో వేశారు. పొద్దున ఎనిమిదికి విమానం పోవాలి. విమానం ఎగరొచ్చని కాగితం మీద ఆయన సంతకం అయిపోయింది. మేం మెహిదీపట్నం నుంచి వచ్చే చేవెళ్ల బస్సెక్కినం. ఆయన కిటికీకి తల ఆనించి కండ్లు మూసుకున్నారు. తొట్టి బిగించే పద్ధతి ఉన్న పుస్తకం నా దగ్గరే ఉన్నది. నాకు చేతిలో పుస్తకం ఉంటే తెరవకుండ ఉండలేను. తెరిచిన.

రెండు వాక్యాలు ఒకదాని కింద ఒకటి ఉన్నయి. ఒక్క మాట తప్ప రెండూ ఒకటే. ఒకటి కింది క్లిప్పు గురించి, ఒకటి పై క్లిప్పు గురించి. నేను ఒకటే చదివిన. నా కన్ను రెండోదాని మీది నుంచి జారిపోయింది.

"పెద్దబాపు, ఒక లైను పోయింది."

"ఏ లైను?"

చదివిన. బస్సులో అందరికీ వినపడేంత గట్టిగా చదివిన. ఆయన పెదవులు కదిలినయి. తెలుగులో మెల్లగా చెప్పుకున్నారు. చెప్పి లేచి నిలబడ్డారు. "దిగుదాం."

రోడ్డు దాటి అవతలి బస్సు కోసం నిలబడ్డప్పుడు నేను ఏడుస్తూ అన్న: "తొట్టి వదులు చేసి క్లిప్పు పెడదాం. ఎవ్వరికి తెలువది కదా పెద్దబాపు."

"క్లిప్పు పెడతం. ఇంకేం లైన్లు పోయినయో?"

"ఇంకేం పోలే. నేను చూసి చదివిన."

"దీన్ని గుడ చూసే చదివినవు బిడ్డా."

ఆ మాటలో కోపం లేదు. ఒక నట్టు వదులుగా ఉన్నదని చెప్పినట్టు చెప్పారు. తరువాత జేబులోంచి ఫోన్ తీసి నాకిచ్చి, కెప్టెన్ నంబరు నొక్కమన్నారు. అంకెలు కూడా నేనే చూడాలి కదా.

మేం షెడ్డుకు తిరిగి చేరిన పావుగంటలో కెప్టెన్ వచ్చారు. మందుల పెట్టెలు అప్పటికే షెడ్డులోకి చేరినయి. "రేపు అక్కడ మనుషులు ఎదురుచూస్తరు సార్. మీరు పుస్తకం సరిగ చదువలేదా?" అని అరిచారు.

"నా కండ్లు చదువయి. ఈ పిల్ల చదివింది, నేను ఇన్న. పిల్ల తప్పు గాదు. సంతకం నేను పెట్టొద్దుండె" అన్నారు పెద్దబాపు. అని సంతకం పెట్టిన కాగితం అడిగి తీసుకుని, దాని మీద అడ్డంగా గీత కొట్టారు. గీత కొంచెం వంకర పోయింది.

మరుసటి రోజు బేగంపేట నుంచి ఇంకో ఇంజనీరు వచ్చి తొట్టి మొత్తం విప్పి, మొదటి నుంచి చూశారు. ఆ ఒక్క క్లిప్పు తప్ప ఏ తప్పూ దొరకలేదు. ఆ కుర్ర ఇంజనీరు, "ఇంత నీటు పని నేను చూడలే సార్" అన్నారు. నాకు అది వినబుద్ధి కాలేదు. ఒక్క క్లిప్పు కోసం ఆయన నలభై ఏండ్ల పని పోయింది. చదివింది నేను. పెద్దబాపును తరువాత ఒకసారి అడిగిన, బాధ లేదా అని. "ఏం తప్పు లేదని తెలిసింది గదా. తెలువకుంట ఎట్ల నిద్రపోతుంటి?" అన్నారు. బాధ లేదని మాత్రం అనలేదు.

ఆ తరువాత ఆయన లైసెన్సు మళ్లీ రెన్యూవల్ చేయించుకోలేదు. షెడ్డు వేరేవాళ్ల చేతికి పోయింది. ఈ రెండేండ్లు నేను సాయంత్రాలు పోయి ఆయనకు పేపరు చదివిన, బైబిలు చదివిన. నా వాక్యం అయినంక కొంచెం ఆగేవారు. పెదవులు కదిలేవి. అప్పుడు నేను రెండోది మొదలుపెట్టేదాన్ని. ఇప్పటికీ ఒంటరిగా చదువుకుంటున్నా ప్రతి వాక్యం దగ్గర ఆగుతున్న. తొందరగా చదవలేకపోతున్న. అది ఆయన ఇచ్చిపోయిన అలవాటు.

విమానం పోయిన పొద్దున గురించి చెప్పి ఆపుతా. ఒక రోజు ఆలస్యంగా, మందుల పెట్టెలు తొట్టిలో నింపుకొని బయలుదేరడానికి తయారైంది. ఆ ఇంజనీరు సంతకం పెట్టారు. కెప్టెన్ వంగి ట్యూబు నుంచి గ్లాసులోకి పెట్రోలు పట్టి, ఏమనుకున్నారో, దాన్ని తెచ్చి పెద్దబాపు చేతిలో పెట్టారు. "సార్, మీరొక్కసారి చూడుర్రి."

పెద్దబాపు గ్లాసును ఎండకు ఎత్తి పట్టుకున్నారు. చాలాసేపు చూశారు. తరువాత నా వైపు జరిపారు. "ఎట్లున్నది బిడ్డా?"

"లేత నీలంగ ఉన్నది. నీళ్లు లేవు" అని గట్టిగా చెప్పిన.

"లేత నీలంగ ఉన్నది. నీళ్లు లేవు" అని ఆయన తిరిగి చెప్పారు. కెప్టెన్ ఎక్కి కూర్చున్నారు. విమానం దుమ్ము లేపుకుంటూ రన్‌వే చివరికి పోయి, తిరిగి, మా ముందు నుంచి లేచిపోయింది. అందరం తలలెత్తి చూసినం. పెద్దబాపు చూడలేదు. గ్లాసులోని పెట్రోలు అరచేతిలో పోసుకుని, అది చల్లగా ఆరిపోయేదాకా చెయ్యి చాచి అట్లనే నిలబడ్డారు.