ఆఖరి రోజు ఇవ్వాల్సిన సబ్బు

సూట్‌కేస్ సర్దుతుంటే చేతులకి గంధం వాసన పట్టుకుంది. వచ్చే వారం జపాన్ ప్రయాణం. టూర్ వాళ్లు పంపిన కాగితాల్లో, అక్కడ గైడ్‌లు టిప్పులు పుచ్చుకోరనీ, ఇవ్వాలనిపిస్తే ఏదైనా చిన్న కానుక తెచ్చుకోవచ్చనీ రాసి ఉంది. మా వారు అది చదివి "ఏం తీసుకెళ్దాం పద్మా?" అని అడిగారు. నేను ఇండియన్ స్టోర్‌కి వెళ్లి నాలుగు గంధపు సబ్బులు తెచ్చాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, జపాన్ వాళ్లకి నాలుగు అంకె అచ్చిరాదు. ఒకటి తీసి బాత్‌రూమ్‌లో పెట్టేశాను. మిగిలినవాటిని నూలు రవికె గుడ్డల్లో చుట్టి మొదటి ముడి వేసేసరికి ఏడుపు ఆగలేదు. ఈ సబ్బు, ఈ గుడ్డ, ఈ ముడి వేసే తీరు, అన్నీ సుమిత్ర గారు నేర్పినవే. ఆవిడ పోయి రెండేళ్లు దాటింది.

సుమిత్ర గారు అమెరికాలో నా మొదటి బాస్. నేను జెర్సీ సిటీలో ఒక ఇన్సూరెన్స్ ప్రాజెక్టులో టెస్టర్‌గా చేరినప్పుడు ఆవిడ మా మేనేజర్. యాభైకి దగ్గర పడుతున్న మనిషి, పొట్టి జుట్టు, చేతికి పెద్ద గడియారం. భర్త పోయి చాలా ఏళ్లయింది. మీను అని ఒక్కతే కూతురు, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఆఫీస్‌లో అందరికీ ఆవిడంటే హడల్. నేనైతే ఆవిడ క్యూబికల్ ముందు నుంచి నడవాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని. అందుకే మా అమ్మ సలహా మీద, ఊరి నుంచి తెచ్చుకున్న మూత ఉన్న వెండి గిన్నె ఒకటి తీసుకెళ్లి, మొదటి వారంలోనే ఆవిడ టేబుల్ మీద పెట్టాను. పక్కన ఒక పొట్లంలో కజ్జికాయలు కూడా.

ఆవిడ గిన్నె మూత తీయలేదు, చేత్తో ఎత్తి చూశారంతే. "బానే బరువుంది. ఇది పుచ్చుకుంటే రేపు నీ రిపోర్ట్‌లో తప్పు చూపించడానికి నాకు నోరు రాదు పద్మా. తీసుకెళ్లిపో," అన్నారు. నా మొహం ఏమైందో చూసి, పొట్లం మాత్రం దగ్గరకి లాక్కుని, "ఇవి వదలను. తింటే అయిపోతాయి," అని ఒక కజ్జికాయ అక్కడికక్కడే కొరికారు. ఆ మధ్యాహ్నమే నా రిపోర్ట్ ఎర్ర రంగు పులుముకుని తిరిగొచ్చింది. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే అనుకుంటాను. పని కాకముందు ఇచ్చేదాన్ని ఆవిడ కానుకగా లెక్కే వేసేవారు కాదు.

ఆవిడకి జపాన్ పిచ్చి. సెలవు దొరికితే చాలు, ఒంటరిగా టూర్ బుక్ చేసుకుని వెళ్లిపోయేవారు. "అక్కడ మీ వారేం చేస్తారని నన్నెవరూ అడగరు. మన ఇండియన్ పార్టీలో రెండో ప్రశ్న అదే కదా," అనేవారు. ప్రయాణానికి ముందు శనివారం నన్ను వెంటేసుకుని ఇండియన్ స్టోర్‌కి వెళ్లడం ఆనవాయితీ. గైడ్‌కి కానుక ఎంచడం అంటే పెళ్లిచూపుల హడావిడే. అగరుబత్తులు పనికిరావు, ఘాటు. స్వీట్లు నెయ్యి కారతాయి. బొమ్మలు ఇస్తే దుమ్ము దులుపుకోవడం వాళ్ల ఖర్మ. సబ్బుని మాత్రం అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఎంత బరువుందో చూసేవారు. "ఆ అమ్మాయి రోజంతా జెండా పట్టుకుని మనతో తిరుగుతుంది. మనం ఇచ్చేది ఆవిడ బ్యాగ్‌లో పట్టాలి, వాడితే అయిపోవాలి, ఆ తర్వాత మనం గుర్తుండక్కర్లేదు. పెద్దది ఇచ్చామో, తిరిగి ఏం ఇవ్వాలా అని వాళ్లకి నిద్ర పట్టదు. వాళ్లు ఊరికే ఉంచుకోరు, ఏదో ఒకటి తిరిగి ఇస్తారు. ఇంకోటి, ఆఖరి రోజు ఇవ్వాలి. ముందే ఇస్తే మొహమాటానికి మనకి ఎక్స్‌ట్రా చేస్తారు. అది లంచం."

సబ్బుని రవికె గుడ్డలో చుట్టాక ఆగేవారు. మూటలో చిటికెడు పసుపు, చిటికెడు కుంకుమ పొట్లాలు పెట్టడం ఆవిడకి అలవాటు. పెట్టే చెయ్యి మాత్రం నాది. "నేను పెట్టకూడదంటారు కదా. నేను నమ్మను. కానీ పుచ్చుకునే పిల్ల తలమీద నా ప్రయోగాలెందుకు? నువ్వు పెట్టు," అనేవారు. ఒక ఏడాది ఆ పొట్లాల మీద ఏమిటో రాయడం మర్చిపోయాం. టూర్ నుంచి వచ్చిన నెలకి గైడ్ దగ్గర్నుంచి ఈమెయిల్. పసుపుపచ్చని పొడి అన్నంలో చాలా బాగుందిట, ఎర్రది మాత్రం సూప్‌లో రుచి తెలియలేదుట. సుమిత్ర గారు అది స్క్రీన్ మీద చదివి, నోరు చేత్తో మూసుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వారు. ఆవిడ నవ్వగలరని మా టీమ్‌కి ఆ రోజే తెలిసింది.

మీను కాలేజీ అయిపోయి ఉద్యోగంలో చేరిన ఏడాది, తల్లీకూతుళ్లిద్దరూ కలిసి వెళ్దామనుకున్నారు. టికెట్లు బుక్ అయ్యాక మా సాఫ్ట్‌వేర్ రిలీజ్ వెనక్కి జరిగి, సరిగ్గా ప్రయాణం రోజు మీద వచ్చి పడింది. "నువ్వు గ్రూప్‌తో వెళ్లిపో, నేను మూడు రోజుల్లో వచ్చి కలుస్తా," అన్నారు సుమిత్ర గారు. ఆ సాయంత్రం నేను వాళ్ల అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నాను. డైనింగ్ టేబుల్ మీద సబ్బు, గుడ్డ, పొట్లాలు. నేను పసుపు కుంకుమ పెట్టి ముడి వేసి మీను చేతికిచ్చాను.

"ఆఖరి రోజు ఇవ్వాలి, గుర్తుందా?" అన్నారు తల్లి.

"వై అమ్మా? లాస్ట్ డేకి వాళ్లు మనతో ఫుల్ విసిగిపోయి ఉంటారు కదా. నేను ఫస్ట్ డేనే ఇచ్చేస్తా. నాకు వెయిట్ చేయడం రాదు."

"అది లంచమే!"

"ఇట్స్ ఎ సోప్, అమ్మా! పద్మా ఆంటీ, మీరైనా చెప్పండి." ఆ పిల్ల మూటని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చి, నా వైపు కన్ను గీటింది. నేను ఎవరి పక్షమూ చేరకుండా నవ్వి ఊరుకున్నాను. మీనుని నేను చూడటం అదే ఆఖరు.

జపాన్ నుంచి ఫోన్ ఆఫీస్‌లో మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చింది. సుమిత్ర గారు పెరుగన్నం డబ్బా మూత తీసి పెట్టుకుని ఉన్నారు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "యెస్, దిస్ ఈజ్ హర్ మదర్," అన్నారు. గుడి మెట్లు ఎక్కుతూ మీను తలనొప్పిగా ఉందని కూర్చుందిట. మెదడులో నరం చిట్లింది. ఆవిడ విమానం దిగేసరికి అంతా అయిపోయింది. ఇక్కడ ఎయిర్‌పోర్టులో ఆవిడని దింపడానికి నేనే డ్రైవ్ చేశాను. దారి పొడుగునా "డబ్బా మూత పెట్టానా?" అని అడుగుతూనే ఉన్నారు. పెట్టారండీ, అన్నాను ప్రతిసారీ.

తిరిగి వచ్చాక ఆవిడ చెప్పినవి కొన్నే. గైడ్ పేరు కిమురా, మీనుకంటే ఒక పదేళ్లు పెద్దది కావచ్చు. గ్రూప్‌ని ఇంకొకరికి అప్పగించి, అంబులెన్స్‌లో తనూ ఎక్కింది. ఆ రాత్రి, మర్నాడు, మీను మంచం పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుని ఉంది. డాక్టర్లు ఏం చెప్పినా ఇంగ్లీష్‌లో ఆ పిల్ల చెవిలో చెప్పింది, వినబడదని తెలిసినా. అది విని నేను, "ఆ మహాతల్లి ఉండబట్టి పిల్ల ఒంటరిగా పోలేదండీ," అన్నాను. ఓదార్పు అనుకునే అన్నాను.

సుమిత్ర గారు నా వైపు చూసి, "మీను ఆమెకి సబ్బు మొదటి రోజే ఇచ్చేసిందిట," అన్నారు.

నాకు మొదట అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు. "నాకు హాస్పిటల్లో కిమురా గారే చెప్పారు. మా అమ్మ ఆఖరి రోజు ఇమ్మంది, నేను ఆగలేను అని చెప్పి ఇచ్చిందిట. ఇప్పుడు నేనేమనుకోవాలి పద్మా? పిల్ల చెయ్యి ఆమె పట్టుకుంది దాని మీద జాలితోనా, పుచ్చుకున్న సబ్బు మొహమాటానికా?" సబ్బు కోసం ఎవరైనా రెండు రోజులు కూర్చుంటారా అని నేను కసిరినట్టే అన్నాను. "వాళ్లు కూర్చుంటారు. నాకు తెలుసు వాళ్ల సంగతి," అన్నారు. ఆవిడ జీవితమంతా నమ్మిన నియమం ఆవిడ మీదే తిరగబడింది. ఆ నియమం నాకు నేర్పింది కూడా ఆవిడే.

దానితో కిమురా గారికి కృతజ్ఞతగా ఏం పంపాలన్నది ఆవిడకి తీరని బాధ అయిపోయింది. ప్రతి శనివారం నన్ను తీసుకుని మన్‌హట్టన్ వెళ్లేవారు. శాలువా చూసి, "ఇది కప్పుకున్నప్పుడల్లా శవం గుర్తొస్తుంది," అని పెట్టేసేవారు. పెన్ను చూసి, "కూతురి ప్రాణానికి పెన్నా?" అనేవారు. తన చేతి బంగారు గాజు తీసి చూసి, "ఇది పంపితే ఆమె బతికినన్నాళ్లూ తల ఎత్తుకోలేదు," అని మళ్లీ తొడుక్కునేవారు. ఇంట్లో సబ్బులు ఉన్నాయి కానీ వాటి ఊసే ఎత్తేవారు కాదు. పసుపు మూట కట్టిన చెయ్యి నాదే కదా అని నేను లోపల కుమిలిపోయేదాన్ని. ముత్తయిదువ చెయ్యి మంచిదంటారు. ఆ మంచితనం ఆ పిల్లకి ఏ కొంచెం కూడా అడ్డం రాలేదు. అప్పట్నుంచి నేను ఎవరింట్లో బొట్టు పెట్టమన్నా ఒక క్షణం ఆగుతాను.

కొన్ని నెలలకి జపాన్ నుంచి ఒక పార్సెల్ వచ్చింది. సుమిత్ర గారు ఫోన్ చేసి రమ్మన్నారు. టేబుల్ మీద చిన్న టీ డబ్బా, తెల్ల కాగితంలో చక్కగా చుట్టి ఉంది. చిన్న కార్డు మీద రెండు ముక్కలు: మీ అమ్మాయి ఇచ్చిన సబ్బుకి ఈ టీ నా బదులు కానుక, ఆలస్యానికి క్షమించండి.

"చూశావా?" అన్నారు ఆవిడ. "నేను చెప్పలేదూ, ఆ సబ్బు ఆమె మనసులో ఉండిపోయింది."

నేను ఆ డబ్బాని చేతిలోకి తీసుకున్నాను. సబ్బంతే బరువు ఉంది. అప్పుడు నాకు తట్టింది, తట్టగానే అనేశాను. "సుమిత్ర గారూ, ఇది సబ్బుకి బదులు. ఆమె సబ్బుకి టీ ఇచ్చేసింది. హాస్పిటల్లో కూర్చున్నది సబ్బు కోసమే అయితే ఇంక ఈ టీ ఎందుకు పంపుతుంది? ఆ కూర్చోవడానికీ సబ్బుకీ సంబంధం లేదండీ. మీను చెయ్యి ఆమె ఊరికే పట్టుకుంది."

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలారు. కూతురు పోయిన తర్వాత నేను చూడగా మొదటిసారి ఏడ్చారు, గట్టిగా, ఆ ఆఫీస్ మనిషేనా అనిపించేలా. నేను గెలిచానని అనుకున్నాను, దేవుడు నన్ను క్షమించాలి. కాసేపటికి మొహం తుడుచుకుని, చాలా మామూలు గొంతుతో అడిగారు. "అలా అయితే మరీ కష్టం కదే. మొహమాటానికి చేసి ఉంటే ఏదో ఒకటి ఇచ్చేసేదాన్ని. ఊరికే చేసినదానికి నేనేం ఇవ్వను?"

ఆ తర్వాత శనివారాలు మేం ఎక్కడికీ వెళ్లలేదు. "ఏం పంపినా ఆమె తిరిగి ఏదో ఒకటి పంపుతుంది. మీను పేరు మీద ఇంకో పార్సెల్ వస్తే నేను తీసుకోలేను," అని ఒకసారి అన్నారు, అంతే. థాంక్స్ అన్న మాట కూడా రాసి పంపలేకపోయారు. ఉద్యోగం మానేశారు, కర్టెన్లు తీయడం మానేశారు. నేను తీసుకెళ్లిన కూర డబ్బాలు అలాగే ఫ్రిజ్‌లో ఉండేవి. ఆవిడ పోయిన కబురు బిల్డింగ్ ఆఫీస్ వాళ్లు చెప్పారు. గుండె ఆగిందన్నారు, నేను నమ్మాను. ఆవిడ సామాన్లు నేను సర్దుతున్నప్పుడు టీ డబ్బా కనిపించింది. చుట్టిన తెల్ల కాగితం కూడా విప్పలేదు.

ఇప్పుడు ఆ టీ డబ్బా మా వంటింట్లో, నాకు అందేంత ఎత్తులో ఉంది. నేనూ విప్పలేదు. ఈ టూర్‌లో గైడ్ ఎవరో నాకు తెలియదు, కిమురా గారు మాత్రం కాదు, కంపెనీయే వేరు. ఆమెని వెతకాలని కూడా లేదు. వెతికి దొరికితే ఏమిస్తాను?

మా వారు గదిలోకి వచ్చి, మూటల్ని సూట్‌కేస్ అడుగున సర్దబోయారు. "గిఫ్ట్‌లు ఆఖరి రోజుకి కదా, కింద పెట్టేయనా?" అన్నారు. నేను ఆయన చేతిలోంచి ఒకటి తీసుకుని, నా హ్యాండ్‌బ్యాగ్‌లో పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకున్నాను. విమానం దిగగానే, మా పేరు రాసిన బోర్డు పట్టుకుని ఎవరు నిలబడి ఉంటే వాళ్లకి, ఆ నిమిషమే ఇచ్చేస్తాను. అది లంచమే కావచ్చు. మీను ఆగి ఉంటే ఆ సబ్బు ఎవరికీ అందేది కాదు.